పట్టి వదలలేని చేప

గోదావరికి ఎర్రనీరు వచ్చిందన్న వార్త పేపర్లో పడితే చాలు, విశాఖలో మా కంచరపాలెంలో చేపలమ్మే వాళ్ళకి ప్రశ్నల వాన మొదలవుతుంది. పులస వచ్చిందా? గోదారిదేనా? యానాంలో ఎంత పలుకుతోంది? రాజమండ్రి ఇక్కడికి రైలులో రెండొందల కిలోమీటర్లు. మాకు దగ్గరున్నది సముద్రం. ఫిషింగ్ హార్బర్ నుంచి పొద్దున్నే వచ్చే బుట్టల్లో వెండిరంగు చేప ఒకటి పెద్దది కనిపించిందంటే దారిన పోయేవాళ్ళు కూడా ఆగి బేరమాడతారు.

‘‘గోదారి పులసేనా పిన్నీ?’’ అని ఒకాయన అడుగుతుంటే పక్కనే ఉన్నాను.

‘‘కాదు బాబూ. సముద్రం ఇలస. గోదారిదైతే ఈ రేటుకి నాకే రాదు, నీకేటిస్తాను?’’ అందామె. తాజాదని నమ్మించడానికి చేప మొప్ప వేలితో ఎత్తి చూపించింది. లోపల నెత్తుటి రంగులో పొరలు పొరలుగా మెత్తటి మొప్ప రేకులు. వాటికి ఇవతల, నోటి వైపుగా, వెంట్రుకల మందాన ఒత్తుగా ముళ్ళ వరస. తాజాదనం చూడటానికి మనం ఎత్తి వదిలేసే ఆ మొప్పలోనే ఈ చేప బతుకు కథ చాలావరకు ఉంది.

ఆమె చెప్పింది నిజం. సముద్రంలో పట్టిన ఇలస, నదిలో పట్టిన పులస ఒకే జాతి. శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలీషా. కవళ్ళ కుటుంబానికి చెందినది. బెంగాలీల ఇలిష్, సింధు నది ఒడ్డువాళ్ళ పల్లా కూడా ఇదే. ఈ జాతికి శాస్త్రీయంగా పేరు పెట్టింది ఫ్రాన్సిస్ హామిల్టన్, 1822లో, గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో. అంతకు చాలా ముందే ఈ చేప విశాఖపట్నంలో బొమ్మకెక్కింది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా 1780ల్లో ఇక్కడ ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్, ఈ తీరంలో దొరికిన రెండొందల చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. చేపలకు మన జాలర్లు చెప్పిన పేర్లనే వాడాడు. అందులో పులస కూడా ఉంది. రక్తపింజరిని ఇంగ్లీషువాళ్ళు పిలిచేది ఈ రసెల్ పేరుతోనే. పాముల మనిషిగా ఆయన్ని చాలామంది ఎరుగుదురు. విశాఖ చేపలకు ఆయన చేసిన మేలు మాత్రం ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ.

ఒకే చేప, ఒకే ఒళ్ళు. సముద్రంలో ఉండగా వందల్లో పలికేది, నదిలోకి వచ్చాక వేలల్లోకి పోతుంది. యానాం వేలంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పోయిన సంవత్సరాలున్నాయి. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న మాట ఊరికే పుట్టలేదు. నది సముద్రంలో కలిసే మొగ దాటుతూ ఆ ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుంటే, ఈ చేపని కాపాడటానికి ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది. దానికి ముందు, పులసకి చుట్టం కాకపోయినా ఇదే బతుకు బతికే ఇంకొక చేపని పరిచయం చేయాలి. రెంటినీ పక్కపక్కన పెడితే పులస సంగతి స్పష్టంగా అర్థమవుతుంది.

ఆ చేప పేరు స్టీల్‌హెడ్. అమెరికా, కెనడాల పశ్చిమ తీరంలో పసిఫిక్ సముద్రం వైపు పారే చల్లటి నదులు దాని ఇల్లు. బ్రిటిష్ కొలంబియాలో స్కీనా, డీన్, వాషింగ్టన్‌లో స్కాజిట్, ఒరెగాన్‌లో డెష్యూట్స్. సియాటిల్, వాంకూవర్ వైపు స్థిరపడిన తెలుగువాళ్ళకి వీటిలో కొన్ని నదులు కారులో వెళ్ళిరాగల దూరమే. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. ఏటిలో పుట్టిన పిల్లల్లో కొన్ని చచ్చేదాకా ఆ ఏటిలోనే ఉంటాయి, అవి రెయిన్‌బో ట్రౌట్లు. అదే తల్లి పిల్లల్లో ఇంకొన్ని రెండు మూడేళ్ళు ఏటిలో పెరిగాక, ఒంటి మీది పట్టీలు చెరిగిపోయి, వెండిరంగు తేలి, సముద్రంలోకి దిగుతాయి. ఒకటి రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు అక్కడ మేసి, కిలోల కొద్దీ బరువెక్కి, పుట్టిన ఏటికి తిరిగొస్తాయి. అవి స్టీల్‌హెడ్లు. వెళ్ళాలా ఉండాలా అన్న నిర్ణయంలో జన్యువుల పాత్ర పెద్దది. ఈ జాతి 5వ క్రోమోజోమ్‌లో ఒక పెద్ద ముక్క కొన్ని చేపల్లో తలకిందులుగా అమరి ఉంటుందనీ, ఆ అమరికకీ సముద్రయానానికీ సంబంధం ఉందనీ గత పదిహేనేళ్ళలో తేలింది.

దీన్ని పట్టే పద్ధతి కూడా ప్రత్యేకమే. ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలంలో ఎరో, సీసపు గుండో బరువుగా ఉండి దారాన్ని తనతో లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు, మెరుపు దారం చుట్టిన బొమ్మ. దానికి బరువంటూ ఉండదు. విసిరితే గాలికే ఆగిపోతుంది. అందుకని దారానికే బరువు పెడతారు. మందంగా పూత పూసిన దారం అది, కొసకి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. కర్రని వెనక్కీ ముందుకీ ఆడించినప్పుడు దారం మెలికగా విచ్చుకుంటూ పోతుంది. కదిలే భాగం తగ్గేకొద్దీ చేతి నుంచి వచ్చిన శక్తి ఆ మిగిలిన కొద్ది దారంలోకే చేరి, ఈకల బొమ్మ ఏటికి అవతలి సగంలో పడుతుంది. స్టీల్‌హెడ్ కోసం నాలుగు మీటర్ల పొడవున్న రెండు చేతుల కర్ర వాడేవాళ్ళు ఎక్కువ. చలికాలపు నీరు నాలుగైదు డిగ్రీలు. నడుం లోతున నిలబడి, అడ్డంగా విసిరి, ప్రవాహం ఈకని ఒడ్డు వైపు తిప్పుకొచ్చేదాకా ఆగి, ఒక అడుగు దిగువకు జరిగి, మళ్ళీ విసరాలి. రోజంతా ఇదే పని. వెయ్యి విసుర్లకు ఒక చేప అని అక్కడి వేటగాళ్ళు చెప్పుకుంటారు.

అంత కష్టం ఎందుకంటే, ఏరెక్కే స్టీల్‌హెడ్‌కి ఆకలి పెద్దగా ఉండదు. సముద్రంలో పోగేసుకున్న కొవ్వు మీదే ఎక్కువగా బతుకుతుంది, ముఖ్యంగా చలికాలంలో. అది ఈకల బొమ్మని కరిచేది చిన్నప్పుడు ఏటిలో పురుగుల్ని వేటాడిన అలవాటుతోనో, కళ్ళ ముందు కదిలే దాని మీద చిరాకుతోనో అయి ఉంటుంది. ఏదైతేనేం, దానికి పళ్ళున్న నోరుంది, వేటాడే కన్నుంది.

పులసకి అవి లేవు. చేపలమ్మే పిన్ని చూపించిన మొప్పలో ఇవతల ఉన్న ముళ్ళ వరస గుర్తుందా? అదొక జల్లెడ. నోట్లోకి వచ్చిన నీటిని మొప్పల మీదుగా బయటికి పంపుతూ, అందులోని కంటికి ఆనని నాచునీ, సూక్ష్మ జీవుల్నీ వడగట్టుకు తింటుంది. గాలానికి వానపాము గుచ్చినా, ఈకలు కట్టినా దానికి ఒకటే. పైగా నదిలోకి వచ్చాక అది దాదాపు పస్తే. ఏటిలో పట్టిన వాటి పొట్ట కోసి చూసినవాళ్ళకి ఖాళీ కడుపో, కాస్త ఒండ్రూ ఇసుకో కనిపించడం మామూలు. కనుక పులసకి మిగిలిన దారి ఒక్కటే, వల. అది కూడా అడ్డంగా నీళ్ళలో నిలిపి, పడవతో పాటు తేలుస్తూ పోయే సన్నటి వల. ఎదురీదే చేప తల దూర్చి, మొప్పల దగ్గర ఇరుక్కుపోతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతికి వద్దాం. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప రక్తంలో ఉండేది సుమారుగా అందులో మూడో వంతు. మామిడి ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట దిగినట్టే, సముద్రంలో ఉన్నంతకాలం ఇలస ఒంట్లోని నీరు మొప్పల గుండా బయటికి పోతూనే ఉంటుంది. చుట్టూ నీరే ఉన్నా ఒళ్ళు ఎండిపోయే ప్రమాదం. అందుకని అది ఆగకుండా ఉప్పునీరు తాగుతుంది. పేగులు నీటిని పీల్చుకుంటాయి, దాంతో పాటు ఉప్పూ ఒంట్లోకి చేరుతుంది. ఆ అదనపు ఉప్పుని బయటికి తోసే పని మొప్పల్లో ఉండే ప్రత్యేక కణాలది. వాటిని అయనోసైట్లు అంటారు. ఒక్కొక్కటీ మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటుంది, ఎందుకంటే ఉప్పుని పల్లం నుంచి మెరకకి తోడటానికి శక్తి చాలా కావాలి. మూత్రం మాత్రం చుక్కలు చుక్కలుగానే పోస్తుంది, నీటిని వృథా చేసుకోలేదు కనుక.

మొగ దాటి గోదావరిలోకి వచ్చిందా, లెక్క మొత్తం తిరగబడుతుంది. ఏటి నీటిలో ఉప్పు నామమాత్రం. ఇప్పుడు నీరు చేప ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని ఉప్పు బయటికి జారిపోతుంది. కాబట్టి నీళ్ళు తాగడం మానాలి. మూత్రపిండాలు పలచటి మూత్రాన్ని ధారగా పోయాలి. మొప్పల్లోని కణాలు నిన్నటిదాకా బయటికి తోసిన ఉప్పునే ఇప్పుడు నీటిలోంచి ఏరి లోపలికి లాక్కోవాలి. స్టీల్‌హెడ్, సాల్మన్ చేపల్లో ఈ మార్పుని క్షుణ్ణంగా పరిశీలించారు. సోడియాన్నీ పొటాషియాన్నీ తోడే ప్రోటీన్ పంపు వాటి మొప్పల్లో రెండు రకాలుగా ఉంటుంది, ఒకటి మంచినీటికి, ఇంకొకటి ఉప్పునీటికి. చుట్టూ నీరు మారితే ఒకటి తగ్గి ఇంకొకటి పెరుగుతుంది. సముద్రానికి సిద్ధం చేసేది కార్టిసాల్, పెరుగుదల హార్మోన్లు. మంచినీటికి సిద్ధం చేసేది ప్రొలాక్టిన్. తల్లుల్లో పాలు పడటానికి కారణమయ్యే ప్రొలాక్టినే చేపల్లో ఒంట్లోని ఉప్పుని కాపాడుతుంది. ప్రకృతి ఒకే పరికరాన్ని ఎన్ని పనులకు వాడుకుంటుందో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఈ పంపుల మార్పిడి ఒక్క పూటలో అయ్యేది కాదు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే మొగలో చేపకి ఆ వ్యవధి దొరుకుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ, యానాం దిగువన గౌతమి సముద్రంలో కలిసే చోట్లని ఊరికే ఇసుకమేటలూ మడ అడవులూ అనుకోకూడదు. రెండు లోకాల మధ్య ఈ చేప ఒళ్ళు మార్చుకునే గది అది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. గోదావరి నీరు తాగేసరికి ఒంట్లోని ఉప్పంతా పోయి పులస తియ్యబడుతుందని మన దగ్గర చాలామంది నమ్మకం. పైన చెప్పిన లెక్క చూస్తే అది నిలవదు. సముద్రంలో ఉన్నా నదిలో ఉన్నా చేప తన రక్తంలోని ఉప్పుని దాదాపు ఒకే మోతాదులో నిలుపుకుంటుంది. ఈ కష్టమంతా అందుకే. ఇలస ఉప్పగా ఉండేదే కాదు. పులస రుచికి మూలం కొవ్వు. గుడ్లు పెట్టే ప్రయాణానికి ముందు అది సముద్రంలో మేసి, ఒంటి బరువులో పదో వంతుకి పైగా, మేలైన చేపలో ఐదో వంతు దాకా కొవ్వు పట్టిస్తుంది. ఒలీయిక్ ఆమ్లం, ఒమేగా-3 రకాలు అందులో సమృద్ధి. వంకాయో బెండకాయో వేసి, మట్టి దాకలో సన్నటి సెగ మీద మరగనిచ్చి, మర్నాటికి దాచుకుని తినే పులుసులో పైకి తేలే నూనెలో కొంత ఈ చేప ప్రయాణానికి దాచుకున్న బత్తెం.

దారి ఎలా తెలుస్తుంది? స్టీల్‌హెడ్, సాల్మన్ల విషయంలో మనకి తెలిసింది చాలా ఉంది. ఏరేరుకీ వేర్వేరు వాసన ఉంటుందనీ, చేప పిల్లలు దాన్ని ముద్ర వేసుకుంటాయనీ అమెరికాలో ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ 1951లో ప్రతిపాదించారు. తర్వాత హాస్లర్ బృందం చేప పిల్లల్ని మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీటిలో పెంచి, అవి పెద్దయ్యాక అదే రసాయనం కలిపిన వాగుల్లోకి తిరిగి రావడం చూసింది. అయితే వాసన పనిచేసేది ఒడ్డు దగ్గరికి వచ్చాకే. నడి సముద్రంలో దిక్కు చూపేది భూమి అయస్కాంత క్షేత్రం. వంకర టింకర అయస్కాంత క్షేత్రంలో పెరిగిన స్టీల్‌హెడ్ పిల్లలకి ఆ దిక్కు తెలిసే శక్తి దెబ్బతింటుందని 2014లో నేథన్ పుట్‌మన్, ఆయన సహచరులు చూపించారు. ఇనుప పైపులూ కాంక్రీటులోని ఊచలూ చుట్టూ ఉన్న హేచరీల్లో పిల్లల్ని పెంచేవాళ్ళకి అదొక హెచ్చరిక.

పులస దారి మన జాలర్లు తరతరాలుగా చెప్పుకొచ్చిందే: ఎర్రనీరు. జూన్ చివర నుంచి ఎగువన వానలు పడి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఒండ్రు మోసుకొచ్చి గోదావరి రంగు మారుతుంది. ఆ మంచినీరు సముద్రంలో మైళ్ళ కొద్దీ పరుచుకుని, ఒడ్డు దగ్గరి నీటి ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. గుడ్లతో ఉన్న చేపకి అదే పిలుపు. జూలై నుంచి అక్టోబరు దాకా గుంపులు గుంపులుగా మొగల్లోకి వస్తుంది. ఏ చేప ఎక్కడెక్కడ తిరిగిందో ఆచూకీ తీయాలంటే దాని తలలోని చెవిరాయిని కోసి చూడాలి. చెవిరాయి చెట్టు కాండంలాగే పొర మీద పొరగా పెరుగుతుంది. సముద్రంలో పెరిగిన పొరలో స్ట్రాన్షియం ఎక్కువ, నదిలో పెరిగిన పొరలో తక్కువ. బంగ్లాదేశ్ తీరపు చేపల చెవిరాళ్ళను ఇలా చదివినప్పుడు అన్నీ ఒకే దారి పట్టవనీ, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య రకరకాలుగా తిరుగుతాయనీ తెలిసింది.

గుడ్ల దగ్గర ఈ రెండు చేపల దారులు పూర్తిగా విడిపోతాయి. స్టీల్‌హెడ్ ఆడచేప గులకరాళ్ళ అడుగున తోకతో గుంట తవ్వి, కొన్ని వేల గుడ్లు పెట్టి, రాళ్ళు కప్పుతుంది. నెల పైగా పట్టే ఆ పొదుగు కాలమంతా రాళ్ళ సందుల్లోంచి ప్రాణవాయువు నిండిన చల్లటి నీరు పారుతూ ఉండాలి. 5 డిగ్రీల నీరు లీటరుకి 12 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ని పట్టుకోగలదు. 30 డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నరకి పడిపోతుంది. ట్రౌట్ జాతి పాతిక డిగ్రీల దగ్గరే ప్రాణం విడుస్తుంది. అందుకే 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో రెయిన్‌బో ట్రౌట్‌ని మన దక్షిణాదికి తెచ్చినవాళ్ళు నీలగిరుల ఎత్తున అవలాంచి దగ్గర హేచరీ పెట్టుకున్నారే గాని మైదానంలోకి దించలేకపోయారు.

పులస గుంట తవ్వదు, కాపలా కాయదు. లక్షల్లో గుడ్లు నీటిలోకి వదులుతుంది. పెద్ద చేప కడుపులో పది లక్షల గుడ్లు దాటిన జన ఉంటుంది. ఆ గుడ్లు అడుగుకి దిగిపోకుండా, పైకి తేలిపోకుండా, వరదతో కొట్టుకుపోతూ సుమారు ఒక్క రోజులోనే పిల్లలవుతాయి. వేడి నీరు వాటికి తోడ్పాటే. కావలసింది పారే నీరు, తగినంత దూరం. ప్రవాహం ఆగిన చోట గుడ్లు బురదలో కూరుకుపోతాయి. పిల్లలు కొన్నాళ్ళు మొగల్లో మేసి, సముద్రంలోకి దిగి, ఏడాది రెండేళ్ళలో గుడ్డుకి వస్తాయి. గుడ్లు పెట్టాక చచ్చిపోయే పసిఫిక్ సాల్మన్లలా కాక, పులసా స్టీల్‌హెడ్డూ రెండూ సముద్రానికి తిరిగి వెళ్ళగలవు, మళ్ళీ రాగలవు. వెళ్ళనిస్తేనే.

ఇక అడ్డుకట్టల కథ. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. దాని స్థానంలో 175 గేట్ల బ్యారేజీ 1982 నాటికి తయారైంది. అక్కడి నుంచి సముద్రానికి వంద కిలోమీటర్ల లోపే. పులసకి మిగిలిన గోదావరి ఆ ముక్కే. పెద్ద వరదలో గేట్లన్నీ ఎత్తినప్పుడు కొన్ని పైకి పోగలవేమో గాని, అడ్డు ఉంటే ఎగరడం దానికి రాదు. స్టీల్‌హెడ్ మూడు మీటర్ల జలపాతాన్ని ఎగిరి దాటగలదు. సాల్మన్ల కోసం కట్టే చేపల మెట్లు ఆ ఎగిరే చేపలకి సరిపోతాయి, కవళ్ళ కుటుంబానికి సరిపోవు. సుడులు తిరిగే ఇరుకు నీటిని చూసి ఇవి వెనక్కి తగ్గుతాయి. పులసకి చుట్టమైన అమెరికన్ షాడ్ కోసం మసాచుసెట్స్‌లో హోల్యోక్ ఆనకట్ట దగ్గర 1955లో ఏకంగా లిఫ్టు పెట్టారు. చేపల్ని తొట్టిలోకి రానిచ్చి, పైకెత్తి, అవతల వదులుతారు. మన దేశంలో అలాంటి లిఫ్టుల గురించి ఆలోచించేలోపే చాలా నదులు ఈ చేపకి చేజారాయి. 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చాక కావేరిలో ఇది కనుమరుగు దారి పట్టింది. ఒకప్పుడు గంగలో అలహాబాద్ దాటి, యమునలో కూడా ఎదురీదిన ఇలిష్‌కి 1975లో ఫరక్కా బ్యారేజీ గోడ అయింది.

పసిఫిక్ తీరంలో కొన్నిచోట్ల గోడలే తీసేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద 1913 నాటి ఆనకట్టనీ, దానికి ఎగువన 64 మీటర్ల ఎత్తున్న ఇంకొకదాన్నీ 2011, 2014 మధ్య పడగొట్టారు. ఆ తర్వాత జరిగింది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్ప విషయం. దాదాపు వందేళ్ళు ఆనకట్టల పైన చిక్కుకుపోయి, తరాలు తరాలుగా ఏటి చేపగానే బతికిన రెయిన్‌బో ట్రౌట్ల సంతానం, దారి తెరుచుకోగానే సముద్రానికి దిగి స్టీల్‌హెడ్లుగా తిరిగొచ్చింది. సముద్రపు దారి వాటి జన్యువుల్లో చెరగకుండా ఉంది.

ధవళేశ్వరం బ్యారేజీని పడగొట్టమని ఎవరూ అడగరు, అడగకూడదు. గోదావరి జిల్లాల అన్నం అది. కానీ అక్కడి వాళ్ళు స్టీల్‌హెడ్‌కి చేసిన ఇంకొక పని గురించి మనం ఆలోచించాలి. బ్రిటిష్ కొలంబియాలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ని ఎవరు పట్టినా తిరిగి నీటిలో వదిలేయాలి, అది చట్టం. కొక్కేనికి ముల్లు కూడా ఉండకూడదు. హేచరీలో పుట్టిన పిల్లలకి వీపు వెనక ఉండే చిన్న కొవ్వు రెక్కని కత్తిరించి వదులుతారు. ఆ రెక్క ఉన్న చేప దొరికిందంటే అది ఏటి బిడ్డ, వదలాలి. వెయ్యి విసుర్ల తర్వాత దొరికిన చేపని వేటగాడు నీళ్ళలోంచి ఎత్తకుండానే కొక్కెం తీసి పంపేస్తాడు.

పులసని అలా వదలలేం. వలలో మొప్పలు ఇరుక్కున్న క్షణం నుంచి దానికి ఊపిరి అందదు. పొలుసులు వదులుగా ఉంటాయి, చేతికి తగిలితే రాలిపోతాయి, పొలుసు రాలిన చోట నీటికీ ఉప్పుకీ అడ్డు ఉండదు. కొద్ది నిమిషాల్లో చచ్చిపోతుంది. చెరువుల్లో దీని పెంపకం వ్యాపార స్థాయికి ఇంకా ఎదగకపోవడానికి ఈ సున్నితత్వం ఒక కారణం. కనుక పులసని వదలడమంటే, వల వేయకుండా వదలడమే. వేరే మార్గం దాని ఒళ్ళే మిగల్చలేదు.

అది ఎప్పుడు చేయాలి? మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. విశాఖ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా లంగరు వేసుకుని ఉండే రోజులవి. చాలా చేపలకి అది మేలు చేస్తుంది. పులసకి మాత్రం ఆ తేదీలు ముందే అయిపోతాయి. అది గుడ్లతో మొగలోకి వచ్చేది జూలై తర్వాత, సరిగ్గా అప్పుడే వలలు పడతాయి, అప్పుడే వేలాలు. జన ఉన్న చేపకి ధర ఇంకా ఎక్కువ. ప్రపంచంలో ఈ చేపని అందరికన్నా ఎక్కువ పట్టే బంగ్లాదేశ్ దీన్ని వేరేగా చేసింది. గుడ్లు పెట్టే అక్టోబరు రోజుల్లో, పౌర్ణమిని లెక్కలోకి తీసుకుని, 22 రోజుల పాటు వేట, రవాణా, అమ్మకం అన్నీ ఆపుతుంది. 25 సెంటీమీటర్లకి తక్కువున్న పిల్ల చేపల్ని పట్టడం నవంబరు నుంచి జూన్ దాకా నేరం. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి బియ్యం ఇస్తుంది.

మనకీ ఇది చేతనవుతుంది. వశిష్ఠ, గౌతమి మొగల్లో పులస రాకకి తగ్గట్టు, ఎర్రనీటి రోజుల్లో కొద్ది వారాలైనా వల లేకుండా చూడాలి. సముద్రం మీద నిషేధానికి భృతి ఇస్తున్నట్టే ఆ వారాలకి నది జాలర్లకూ ఇవ్వాలి. ఇది లేకుండా నిషేధం పెట్టమనడం అన్యాయం, వాళ్ళకి ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఈ చేప తీరుకి సరిపడే దారి, అంటే మెట్లు కాకుండా లాకు లాంటిదో లిఫ్టు లాంటిదో, ఇంజనీర్లూ మత్స్య శాస్త్రవేత్తలూ కలిసి కూర్చుని ఆలోచించాలి.

అది ప్రభుత్వం చేయాల్సింది. కంచరపాలెంలో, మర్రిపాలెంలో, జగదాంబ దగ్గర చేపలు కొనే మనం చేయగలిగింది కూడా ఒకటుంది. హార్బర్ నుంచి వచ్చే బుట్టల్లో జానెడు పొడవున్న వెండి చేపలు చవగ్గా కనిపిస్తాయి. వాటిలో ఇలస పిల్లలుంటే అవి ఇంకా ఒక్కసారి కూడా గోదావరి చూడనివి, గుడ్డుకి రానివి. అడిగి తెలుసుకోండి, ఇలస పిల్ల అయితే కొనకండి. అమ్మేవాళ్ళకి ఏది ఇలసో మనకన్నా బాగా తెలుసు, అడిగితే చెబుతారు.